తెర ముందుకు పిలుద్దాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం ఆహ్వాన పత్రికలో రెండు వరుసలు పట్టింది. ‘యువ నాటక బృందాల పరస్పర సందర్శనల ద్వారా సాంస్కృతిక సంభాషణ, సామాజిక సమ్మిళితం’ అని అచ్చు వేశారు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకే ఒక్క గుక్కలో చదవడానికి నోరు తిరగలేదు. అందుకని దాన్ని మన మాటల్లోకి మార్చుకుంటాను. వేరే ఊరి పిల్లలు, వేరే మాట మాట్లాడే పిల్లలు మన ఊరికి రావడం, మన ఇళ్ళలో ఉండి తినడం, మన పిల్లలతో కలిసి ఒక నాటకం తయారుచేసి ఆడటం. తర్వాత మన పిల్లలు వాళ్ళ ఊరికి పోవడం. అంతే. ఇందులో కొత్తదేమీ లేదనీ, మన సీమ నాటకం పుట్టిందే ఇట్లాంటి రాకపోకల్లో అనీ చెప్పడానికి వచ్చాను. దానికి ముందు ఈ బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వార్షికోత్సవానికి పాండవోద్యోగ విజయాల్లోని పడక సీను వేయాలనుకున్నాం. గండికోట వనభోజనాలకు పోయిన ప్రతిసారీ కోట బురుజెక్కి పద్యాలు అరిచిన బ్యాచి మాది. పెన్న లోయలో గొంతు తిరిగి వినిపిస్తే మాకంటే నటులు లేరనుకునేవాళ్ళం. కానీ మా తరగతిలో నిజంగా పద్యం పాడగలిగినవాడు ఒక్కడే. ఆ సంవత్సరమే కొత్తగా చేరాడు. వాళ్ళది తోలుబొమ్మలాట ఆడే కుటుంబం. ఊరి బయట చింతతోపు దగ్గర దిగారు. ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడుకునేవాళ్ళు. పుస్తకం చూడకుండా, విని పద్యం పట్టేవాడు. రాగం తీస్తే పక్క తరగతుల్లో పాఠం ఆగేది.

కృష్ణుడి వేషం అతనికే అనుకున్నారు. అయితే మామూలుగా మాట్లాడేటప్పుడు అతని మాటలో కొంచెం మరాఠీ యాస ఉండేది. ఆ యాసను మేము ఎగతాళి చేశాం. మూడు రోజుల రిహార్సల్సులో అతను నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు అట్లాగే అనేవాళ్ళు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నాలుగో రోజు అతనే సారు దగ్గరికి పోయి, “నాకు వేషం వద్దు సార్, నేను తెర లాగుతా” అన్నాడు. పిల్లవాడు భయపడుతున్నాడని సారు అనుకున్నారు. కృష్ణుడి వేషం నాకు వచ్చింది.

ఆ ఎగతాళి మొదలుపెట్టింది నేనే. ఈ మాట ఈ వేదిక మీద చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

వార్షికోత్సవం రాత్రి మూడో పద్యంలో నేను మాట మరిచిపోయాను. తెర పక్కన తాడు పట్టుకొని నిలబడినవాడు, నాకు మాత్రమే వినబడేట్టు ఆ పాదం మొత్తం అందించాడు. చప్పట్లు కొట్టారు. నాకు స్టీలు గ్లాసు బహుమతిగా ఇచ్చారు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పద్యం అతనిది, గ్లాసు నాది.

ఆ ఎండాకాలం వాళ్ళ నాయన మన ఊరి గుడి ముందు బొమ్మలాట కట్టాడు. తెల్ల పంచె తెర, వెనక ఆముదం దీపాలు, తెల్లవార్లూ రామాయణం. ఆయన గొంతులో రాముడు పలికితే ముసలమ్మలు చేతులు జోడించారు. ఆ పక్క నుంచి లక్ష్మణుడి గొంతు వినిపించింది. అది మా తరగతివాడి గొంతు. యాస లేదు, తడబాటు లేదు. తెర వెనక ఉన్నంతసేపూ వాళ్ళ గొంతు ఊరికి దేవుడి గొంతు. తెర ముందుకు వస్తే మాకు నవ్వొచ్చింది. జూన్‌లో బడి తెరిచేటప్పటికి ఆ కుటుంబం ఊరు మారింది. హాజరు పట్టీలో అతని పేరు కొట్టేశారు.

అయ్యా, ఇప్పుడు మన జిల్లా చరిత్రలోకి రండి. ఆ తెర ముందుకు వచ్చినవాళ్ళ కథ అక్కడుంది.

1885లో ఈ కడప జిల్లాలోనే, చక్రాయపేట వైపున్న సురభి అనే పల్లెలో వనారస గోవిందరావుగారు తన కుటుంబంతో ‘కీచక వధ’ నాటకం ఆడారు. ఆ కుటుంబం కూడా మరాఠీ నేల నుంచి వచ్చినదే. వాళ్ళ పెద్దలూ తోలుబొమ్మలు ఆడించినవాళ్ళే. బొమ్మను పక్కన పెట్టి మనిషే తెర ముందుకు వచ్చాడు. మనిషి అంటే మగవాడొక్కడే కాదు. ఆడవాళ్ళ వేషాలు మగవాళ్ళు కట్టే కాలంలో సురభిలో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేశారు. ఆ కుటుంబం కొమ్మలు వేసి ఎన్నో సమాజాలయింది. మాయాబజార్, పాతాళభైరవి అని మనం ఎగబడి చూసిన రంగుల తెరలు, మంటలు, గాలిలో తేలే వేషాలు అన్నీ వాళ్ళవే. పల్లె పేరే ఆ సమాజాల పేరయింది. ఇంట్లో ఒక మాట, రంగస్థలం మీద మరో మాట మాట్లాడిన కుటుంబం తెలుగు నాటకానికి ఇల్లు కట్టిపెట్టింది. వాళ్ళ యాస చూసి నవ్వి పంపేసి ఉంటే మనకు ఏం మిగిలేదో ఆలోచించండి.

బొమ్మలాట కూడా పోలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ కుటుంబాలు ఇప్పటికీ తోలు మీద బొమ్మలు చెక్కుతున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇక రెండో సంగతి, పడమటి పక్కది. మన పక్కనున్న తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవాచార్యులుగారు బళ్ళారికి చేరి బళ్ళారి రాఘవ అయ్యారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ‘చిత్రనళీయం’ రాసి, సరస వినోదిని సభ తరఫున ఆడించినవారు. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావుగారు ఇంకో సమాజం నడిపారు. అప్పటి బళ్ళారి సగం తెలుగు, సగం కన్నడం. ఒకే వీధిలో రెండు మాటలు. రాఘవగారు తెలుగులోనే కాదు, కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో కూడా నటించారు. ఇంగ్లండు పోయి బెర్నార్డ్ షాను కలిసి వచ్చారు. మగవాళ్ళు ఆడవేషం వేయకూడదని వాదించి, చదువుకున్న ఇళ్ళ ఆడవాళ్ళను రంగస్థలం మీదికి తెచ్చారు. ఆచార్యుల ఇంట పుట్టిన ఆ మనిషికి పేరు తెచ్చిన వేషాల్లో ఒకటి, కోలాచలంవారి రామరాజు నాటకంలో పఠాను రుస్తుం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజున బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. గీత అటూ ఇటూ పడింది. బంధువులు పెళ్ళిళ్ళకు పోయి వస్తూనే ఉన్నారు. నాటకాలు మాత్రం ఎవరివి వారివి అయిపోయాయి.

అట్లా విడిపోయినవాళ్ళు మళ్ళీ కలిస్తే ఏమవుతుందో చూపించినవారు బి.వి. కారంత్ గారు. ఆయన కన్నడంవారు. చిన్నప్పుడు ఇల్లు వదిలి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు, తర్వాత ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాలకు డైరెక్టరయ్యారు. 1990ల్లో ఆయన సురభివాళ్ళతో కూర్చొని శిబిరాలు నడిపారు. అందులో నుంచి ‘భీష్మ’ వచ్చింది, ‘చండీప్రియ’ వచ్చింది, ‘బస్తీ దేవత యాదమ్మ’ వచ్చింది. ఈ యాదమ్మ ఎవరో తెలుసా? జర్మనీ రచయిత బ్రెహ్ట్, చైనాలో జరిగినట్టుగా రాసిన నాటకంలోని మంచి మనిషి. జర్మన్ కథ, చైనా ఊరు, కన్నడ దర్శకుడు, మరాఠీ మూలాల తెలుగు నటులు, బస్తీ తెలుగు. కారంత్ గారు సురభివాళ్ళ మంటలనూ మాయలనూ తీసేయమనలేదు. వాళ్ళకు తెలిసిన విద్యను ఉంచి, దానికి కొత్త పని చెప్పారు. 2013లో సురభివాళ్ళు ఫ్రాన్సు పోయి ఆడి వచ్చారు.

కర్ణాటకలోనే శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే పల్లెలో ‘నీనాసం’ ఉంది. 1949లో పెట్టారు. దాన్ని పెంచిన కె.వి. సుబ్బణ్ణగారికి 1991లో మెగసెసె అవార్డు వచ్చింది. ‘తిరుగాట’ అని వాళ్ళకొక బృందం ఉంది, ఊరూరూ తిరిగి నాటకాలు ఆడుతుంది. అక్కడి నాటకంవాళ్ళు ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీల దగ్గరికి పోయారు. సిద్దీలు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. నైజీరియా రచయిత చినువా అచెబె నవలను కన్నడ నాటకంగా మార్చి, ఆ సిద్దీలతోనే ఆడించారు. ఊరివాళ్ళు వింతగా చూసే మనుషులు ఆ రాత్రి ఊరికి కథ చెప్పే మనుషులయ్యారు. మా తరగతివాడికి మేము చేయనిది అదే.

ఇవన్నీ పెద్దవాళ్ళు చేసిన పెద్ద పనులు. ఒక మామూలు బడి అయ్యవారు చేస్తే ఏమవుతుంది? నేను పదవీ విరమణకు ముందు రెండు దసరా సెలవుల్లో చేసి చూశాను. మొదటిసారి చెడిపోయింది. ముందు దాని గురించే చెబుతాను.

మొదటి ఏడాది బళ్ళారి వైపు ఒక కన్నడ బడి పిల్లలను పిలిచాం. వాళ్ళు ఒక నాటకం సిద్ధం చేసుకొని వచ్చారు. మావాళ్ళు ఒకటి సిద్ధం చేశారు. బస్సు దిగారు, కల్యాణ మండపంలో బస. సాయంత్రం వాళ్ళది వాళ్ళు ఆడారు, మాది మేం ఆడాం. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటో. తెల్లవారి కోట చూపించాం, బస్సెక్కించాం. పేపర్లో వార్త వచ్చింది. నాకు చాలా సంతోషం. తర్వాతి సోమవారం తరగతిలో, “బళ్ళారి పిల్లల్లో ఒక్కరి పేరు చెప్పండి” అన్నాను. ఇరవై మందిలో ఒక్కరూ చెప్పలేదు. ఒకడు మాత్రం, “ఎర్ర జుబ్బా వేసుకున్నోడు బాగా చేసినాడు సార్” అన్నాడు. అప్పుడు తెలిసింది. మేం చేసింది ఒకే రోజు రెండు వార్షికోత్సవాలు.

రెండో ఏడాది పద్ధతి మార్చాం. ఇటు పన్నెండు మంది, అటు పన్నెండు మంది. ఏడు రోజులు. నాటకం ఎవరూ తేకూడదు. చీట్లు వేసి ఒక తెలుగు పిల్లకు ఒక కన్నడ పిల్ల జోడీ, ఒక తెలుగు పిల్లవాడికి ఒక కన్నడ పిల్లవాడు జోడీ. బస జోడీ ఇంట్లోనే. ప్రతి ఒక్కరూ అవతలి మాటలో కనీసం రెండు వాక్యాలు రంగస్థలం మీద చెప్పాలి. ఒక వేషం ఒకరికే రాసివ్వం, రంగం మారితే వేషగాడు మారతాడు. తెర లాగడం, చీపురు పట్టడం, దీపాలు చూడటం వంతుల వారీగా అందరూ చేయాలి. ఈ చివరి నియమం ఎందుకు పెట్టానో మీకు ఇప్పుడు తెలుసు, ఆ పిల్లలకు తెలియదు.

చీట్లు వేసిన రాత్రే ఇద్దరు తండ్రులు మా ఇంటికి వచ్చారు. “మా పాప ఆ ఇంట్లో వద్దు సార్. కావాలంటే నాటకం ఆడనీ, తిండి మాత్రం మా ఇంట్లోనే తింటాది” అన్నారు. ఏ ఇంట్లో, ఎందుకు అని విడమరిచి చెప్పను, మీకు తెలుసు. మన ఊళ్ళ సంగతి మనకు కాక ఎవరికి తెలుసు? నేను ఎంత చెప్పినా ఒక తండ్రి వినలేదు. ఆ పాపను, ఆమె జోడీని మా ఇంట్లో పెట్టుకున్నాను. అది నా ఓటమే, ఒప్పుకుంటాను. రెండో ఇంట్లో తల్లి గట్టిది. “చీటీ వచ్చినాక మార్చేదేంది? పోనీ” అంది. కానీ మూడో రోజు మధ్యాహ్నం టిఫిను క్యారియరు పట్టుకొని తనే ఆ ఇంటికి పోయింది. “పిల్ల ఏం తింటాందో చూద్దామని వచ్చినా” అంది. వాళ్ళు కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కాసేపు గ్లాసు వైపు చూసి తాగిందంట. క్యారియరు విప్పి అందరికీ ఊరిబిండి పెట్టి వచ్చిందంట. ఉపన్యాసంతో ఇది జరగదు. నాటకం ఒక సాకు ఇచ్చింది, అంతే.

మాటల సంగతి వినండి. మొదటి పొద్దున ఒక బళ్ళారి పాప, మా పాపను పలకరించింది. “ఊట ఆయ్తా?” అంది. కన్నడంలో ఊట అంటే భోజనం. తిన్నావా అని అడిగింది. మా పాప మొహం దిగాలుగా పెట్టి, “మా బావిలో ఊట లేదు, రెండేండ్లాయ” అంది. మనకు ఊట అంటే నీటి ఊట కదా. ఆ పాపకు అర్థం కాలేదు, పాపం వీళ్ళకు తిండి లేదేమో అని తన జొన్నరొట్టె తెచ్చి ఇచ్చింది. అందరం పడీపడీ నవ్వాం. ఈసారి నవ్విన నవ్వు యాస చూసి నవ్వింది కాదు. ఇద్దరూ నవ్వారు. ఆ మాటే నాటకానికి మొదటి రంగం అయింది. ఒక ఊళ్ళో ఊట లేదు, ఇంకో ఊళ్ళో ఊట లేదు, రెండు ఊళ్ళవాళ్ళూ ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఒకరినొకరు ఓదార్చుకుంటుంటారు.

మూడో రోజు కోటకు తీసుకుపోయాం. జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం, అటు రంగనాథాలయం, మాధవరాయస్వామి గుడి, కింద పెన్న. పెమ్మసాని నాయకుల కోట అనీ, 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా వచ్చి పట్టుకున్నాడనీ చెప్పాను. పిల్లలు కదా, యుద్ధం ఆడదాం అన్నారు. సరే అన్నాను. వెంటనే మావాళ్ళు నలుగురు ఒక ముస్లిం పిల్లవాణ్ణి చూపించి, “నువ్వు మీర్ జుమ్లా” అన్నారు. వాడు నా వైపు తిరిగి, “ఎప్పుడూ నేనేనా సార్?” అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. అప్పుడు బళ్ళారి రాఘవగారు గుర్తుకొచ్చారు. పిల్లలను కూర్చోబెట్టి పఠాను రుస్తుం కథ చెప్పాను. తర్వాత వాడు కోటను కాపాడే నాయకుడయ్యాడు. ఒక బళ్ళారి పాప, రెండు జడలమ్మాయి, మీర్ జుమ్లా అయింది. ఆ పాప కన్నడంలో కోట తలుపులు తెరవమంటే, వాడు తెలుగులో తెరవనన్నాడు. గుడి మెట్ల మీద కూర్చొని చూస్తున్న యాత్రికులు కూడా చప్పట్లు కొట్టారు. మన సీమలో ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. పీర్ల పండగకు మన ఊళ్ళలో అందరూ కదులుతారు. ఇంత కలిసి బతికినవాళ్ళం, వేషం ఇచ్చేటప్పుడు మాత్రం పేరు చూసి ఇస్తున్నాం. మన బడుల్లో ఏ పిల్లకు భారతమాత వేషం వస్తుందో, ఏ పిల్లకు పనిమనిషి వేషం వస్తుందో ఉపాధ్యాయ మిత్రులు ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇంకొక్క పాప గురించి చెప్పాలి. గండికోట జలాశయం ముంపులో ఊరు పోయి, కొండాపురం వైపు నుంచి మా దగ్గరికి వచ్చి చేరిన కుటుంబం. నాలుగు రోజులు ఆ పాప రెండు మాటలకు మించి మాట్లాడలేదు. నాటకంలో చెట్టు వేషం ఇవ్వమంది, కదలకుండా నిలబడొచ్చని. ఆమె జోడీ బళ్ళారి పాప ఒక రాత్రి వాళ్ళ అవ్వ గురించి చెప్పిందంట. అవ్వ పుట్టిన ఊరు హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాము నీళ్ళలో ఉందనీ, ఎండాకాలం నీళ్ళు తగ్గితే అవ్వ గట్టు మీద కూర్చొని చూస్తుందనీ. సగం కన్నడం, సగం చేతి సైగలు. మా పాపకు అర్థమైంది.

ఐదో రోజు ఆ ఇద్దరూ వచ్చి, నాటకంలో ఒక రంగం మేము చేస్తాం అన్నారు. నీళ్ళు లేవని ఏడ్చే రెండు ఊళ్ళ నాటకంలో, నీళ్ళ కింద ఉన్న రెండు ఊళ్ళు వచ్చి మాట్లాడతాయి. మా పాప ఒక్కొక్కటే చెప్పింది. చింతమాను, రచ్చబండ, మా బడి, మా అవ్వ సమాధి. బళ్ళారి పాప వాటినే కన్నడంలో చెప్పింది. వేరే సంభాషణ లేదు. బడి ఆవరణలో చాపల మీద కూర్చొని చూస్తున్న పెద్దలు కదల్లేదు. ముంపు ఊళ్ళవాళ్ళు మా మధ్యే ఉంటున్నారు. రేషన్ షాపు దగ్గర, బస్సులో రోజూ చూస్తాం. వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో ఆ రాత్రి దాకా మేం అడగలేదు.

నవంబరులో మావాళ్ళు బళ్ళారి వైపు పోయి అదే నాటకం ఆడి వచ్చారు. ఆ పాప అవ్వ గట్టును చూసి వచ్చింది.

మిత్రులారా, ఇది ప్రపంచంలో మనమే కనిపెట్టిన పని కాదు. డెబ్భై ఐదేళ్ళలో మూడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్సు, జర్మనీ 1963లో ఒప్పందం రాసుకొని, రెండు దేశాల పిల్లల రాకపోకలకు ఒక ఉమ్మడి కార్యాలయమే పెట్టాయి. ఇప్పటికీ నడుస్తోంది. ఐరోపా సమాఖ్య ఎరాస్మస్ ప్లస్ పథకం కింద 13 నుంచి 30 ఏళ్ళ వయసువాళ్ళు ఐదు రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల దాకా వేరే దేశంలో కలిసి పనిచేయవచ్చు. ఐదు రోజులకు తక్కువ కాకూడదని వాళ్ళు ఎందుకు పెట్టుకున్నారో, మా మొదటి ఏడాది అనుభవం తర్వాత నాకు అర్థమైంది. మన దేశంలో కూడా తలుపులున్నాయి. 2015 నుంచి కళా ఉత్సవ్ ఉంది. ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ కింద మన రాష్ట్రానికి పంజాబును జత చేశారు. ఉపాధ్యాయులు పట్టించుకుంటే అవి పనికొస్తాయి. కానీ అంత దూరం పోకముందే, గుత్తి మీదుగా ఐదారు గంటల బస్సు ప్రయాణంలో మనకు బళ్ళారి ఉంది. ధర్మవరం దాటితే నిమ్మలకుంట ఉంది.

ఇక రెండు విన్నపాలు చేసి ముగిస్తాను.

మొదటిది డబ్బు గురించి. స్వర్ణోత్సవ నిధితో బడి ముందర ఆర్చి కట్టాలనీ, దాతల పేర్లు చెక్కించాలనీ కార్యవర్గం అనుకుంటోంది. నేను కూడా చందా ఇచ్చాను, ఆర్చి వద్దనను. కొంచెం చిన్నది కట్టండి. మా రెండో ఏడాది ఖర్చు ఇరవై నాలుగు మంది పిల్లలకు, రానూ పోనూ రెండు బస్సులతో కలిపి లక్షా పదివేలు దాటలేదు. ఇళ్ళలో బస కాబట్టి అంత తక్కువలో అయింది. ఏటా దసరాకు అంత మాత్రం వచ్చేట్టు కొంత డబ్బు బ్యాంకులో వేయండి. శిక్షణ ఇచ్చేవాళ్ళను వెతకడం, అవతలి బడితో మాట్లాడటం, తల్లిదండ్రుల ఇళ్ళకు పోయి ఒప్పించడం నేను చూసుకుంటాను. కాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. ఆడపిల్లలకు తోడుగా ఇద్దరు టీచరమ్మలు కావాలి, ఈ సభలోనే పేర్లు ఇస్తే సంతోషం.

రెండోది డబ్బుతో పని లేనిది. మన సంఘం సభ్యుల జాబితా చూశాను. పదో తరగతి పాసైనవాళ్ళ రిజిస్టరు నుంచి తయారుచేశారు. బాగుంది. మరి ఆరులో మానేసినవాళ్ళు? ఎనిమిదిలో పెళ్ళయిపోయిన ఆడపిల్లలు? సేద్యానికి పోయినవాళ్ళు? ఊరు మారినవాళ్ళు? వాళ్ళు కూడా ఈ బెంచీల మీదే కూర్చున్నారు, ఈ బావి నీళ్ళే తాగారు. ఒక్క ఏడాది చదివినా సరే, సభ్యులుగా తీసుకుందామని నిబంధన మార్చండి. మన జాబితాలోనే అందరికీ చోటు లేకపోతే, ఊరి పిల్లలకు కలిసి ఉండమని చెప్పే అర్హత మనకు ఎక్కడిది?

ఆ నిబంధన మారితే మొదటి దరఖాస్తు నేనే రాసి తెచ్చాను. తొమ్మిదో తరగతిలో తెర లాగినవాడి పేరు మీద. రుసుము కూడా కవరులో పెట్టాను. చిరునామా గడి మాత్రం ఖాళీగా ఉంది. బొమ్మలాటవాళ్ళ ఊళ్ళలో అడుగుతున్నాను, ఇంకా దొరకలేదు. దొరికితే వచ్చే దసరాకు పిల్లలకు పద్యం నేర్పడానికి పిలుస్తాను. ఆ స్టీలు గ్లాసు అతని చేతిలో పెడతాను. తీసుకుంటాడో లేదో అతని ఇష్టం.

 వెనక పిల్లలకు ఆకలవుతోంది. ఊట ఆయ్తా అని అడిగితే కాలేదనేటట్టున్నారు.